గట్టు వెనక ఎనిమిది గుర్రాలు

మేం ఆడే ఆట ఏంటని అడిగినవాళ్ళకి నేను ఇప్పటికీ సరిగా చెప్పలేను. చెస్సా అంటారు. కాదంటాను. క్యారమ్సా అంటారు. కాదంటాను. అయితే పేకాటే అని తేల్చేసి మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ఇరవై రెండేళ్ళుగా నెలకి రెండు ఆదివారాలు, రాజమండ్రిలో ఒక స్టేషనరీ షాపు మేడ మీద గదిలో నేను ఆడింది పేకాట కాదంటే మా బావమరిది ఈరోజుకీ నమ్మడు.

అది యుద్ధం ఆట. పెద్ద బల్ల మీద అట్టముక్కలతో కొండలూ కాలవలూ కోటగోడలూ పేర్చి, రెండు వైపులా చిటికెన వేలంత సైనికుల్ని నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి కదుపుతూ, పాచికలు వేసి కొట్టుకుంటాం. కాల్బలం ఇంత దూరం నడుస్తుంది, గుర్రం దానికి రెట్టింపు పరిగెడుతుంది, ఫిరంగిని కదిపిన వంతులో పేల్చకూడదు. ఇలాంటి నియమాలు ఒక చిన్న పుస్తకం నిండా ఉంటాయి. మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు మద్రాసులో ఒక చిన్న కంపెనీ దీన్ని నీలం పెట్టెలో పెట్టి అమ్మింది. కొన్నాళ్ళకి కంపెనీ మూతపడింది. పెట్టెలు మిగిలాయి, మేమూ మిగిలాం.

మేం అంటే ఐదుగురం. ఈ కథకి కావలసింది ముగ్గురు. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ని. కాలవల పటాలు గీయడం నా ఉద్యోగం. ఆఫీసుకి గీసినవాటికన్నా ఆ బల్ల కోసం గీసిన పటాలే బాగుండేవని నా అభిప్రాయం, మా ఇంజనీరుగారి అభిప్రాయం కూడా బహుశా అదే. రెండోవాడు షాపు యజమాని. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న కుటుంబం. చెరువుల బాధ అన్నదమ్ములకి వదిలేసి ఇక్కడ పెన్నులూ బొమ్మలూ అమ్ముకుంటున్నాడు. మెత్తని మనిషి. మెట్ల మీద పడుకున్న కుక్కని కూడా కాస్త తప్పుకోండి అంటాడు. మూడోవాడు కాకినాడలో మరబోట్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. వాడూ నేనూ కాకినాడలో ఐటీఐ కలిసి చదివాం. ఒకే సైకిలు మీద తిరిగాం, ఒకే సినిమాకి క్లాసు ఎగ్గొట్టి ఒకే మాస్టారికి దొరికిపోయాం. మా మధ్య ఏరా తప్ప ఇంకో పిలుపు లేదు.

పెట్టెలో వచ్చిన సైనికులు అట్టతో చేసినవి. రెండు వర్షాకాలాలకే ఉబ్బి, వంగి, నిలబెడితే కూలబడేవి. ఆట ఆగిపోయేదే. మెకానిక్ వాళ్ళది చేపల వేటకెళ్ళే కుటుంబం. వల నీళ్ళలో మునగడానికి అంచున సీసం గుళ్ళు కడతారు కదా, చిరిగిపోయిన వలల నుంచి కోసి తీసిన ఆ గుళ్ళు వాళ్ళింట్లో డబ్బాలకొద్దీ ఉండేవి. వాడు వాటిని కరిగించి, తనే చేసుకున్న అచ్చుల్లో పోసి, సైనికుల్ని తియ్యడం మొదలుపెట్టాడు. మొదటి ఏనుగులు గేదెల్లా వచ్చాయి. ఏడాదిపాటు వాటిని గేదెలనే పిలిచి ఏడిపించాం. తర్వాత చెయ్యి కుదిరింది. తలపాగా చుట్లు లెక్కపెట్టుకునేంత బాగా కుదిరింది. ఆ సైన్యాన్ని చేపలు సర్దే థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ఏంటండీ, చేపలు ఇంత బరువున్నాయి, వాసన మాత్రం లేదు అని కండక్టరు ప్రతిసారీ అనేవాడు.

మా గదికి రెండు కట్టుబాట్లు ఉండేవి. అవి పుస్తకంలో లేవు.

మొదటిది, కొత్తగా వచ్చినవాణ్ణి ఓడించి పంపకూడదు. ఇది మెకానిక్ పెట్టిందే. తొలిరోజుల్లో ఒక లెక్చరరుగారు సరదాగా చూడ్డానికి వస్తే, మేం ముగ్గురం కలిసి ఆయన సైన్యాన్ని గంటలో ఊడ్చేశాం. ఆయన చొక్కా దులుపుకుని వెళ్ళినవాడు మళ్ళీ మెట్లెక్కలేదు. ఆ తర్వాత మెకానిక్ అన్నాడు, "ఇంటికొచ్చినోణ్ణి ఓడించి పంపుతావేంట్రా? అన్నం పెట్టి పంపాలి గానీ." అప్పట్నుంచి ఎవరొచ్చినా మొదటి ఆట వాళ్ళదే. వాళ్ళకి తెలియకుండా ఓడిపోవడంలో మాకు మంచి సాధన వచ్చింది. ఒక దళాన్ని ఏ గట్టు వెనకో మర్చిపోయినట్టు వదిలెయ్యాలి. అంతే.

రెండోది, మాలో మాకు ఆ మర్యాద లేదు. ఒకసారి మెకానిక్ నాన్నగారు పోయిన నెలకి, వాడు దిగులుగా ఉన్నాడని షాపాయన జాలిపడి ఆట వదిలేశాడు. మెకానిక్ ఆ వంతు మధ్యలోనే లేచి, "నేనేవన్నా చుట్టపుచూపుగా వచ్చానా ఇక్కడికి?" అని, బొమ్మలు సర్దేసుకుని వెళ్ళిపోయాడు. నెలన్నర రాలేదు. షాపాయన కాకినాడ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. ఆ రోజు వాణ్ణి చిత్తుగా ఓడించి మరీ క్షమాపణ చెప్పాడు.

రెండేళ్ళ కింద మా ఫోన్లలోకి ఒక వార్త వచ్చింది. బెంగళూరులో ఒక పెద్ద కంపెనీ మా పాత ఆట హక్కులు కొనిందని, కొత్తగా విడుదల చేస్తున్నారని. ఊళ్ళలో మాలాంటి గుంపులు అక్కడక్కడ ఉన్నాయి. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో వారంరోజులు పండగ. తర్వాత వివరాలు వచ్చాయి. ప్లాస్టిక్ సైనికులట. ఒక్క పూటలో అయిపోయే ఆటట. పోటీలు పెడతారట, వాటిలో కంపెనీ బొమ్మలు తప్ప వేరేవి నిలబెట్టకూడదట. అక్కడితో పండగ అయిపోయి కొట్లాట మొదలైంది. ఆట బతకాలంటే అమ్మాలి, అమ్మాలంటే మారాలి అని కొందరు. బతికించింది మేమైతే అమ్ముకునేది వాళ్ళా అని కొందరు. నేను రెండోవైపు చేరి పొడుగాటి మెసేజీలు పెట్టాను. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది.

షాపాయనకి రెండు గోదావరి జిల్లాలకీ కంపెనీ డీలరుషిప్ ఇచ్చింది. ఆయన్ని తప్పుపట్టలేను. ఆన్‌లైన్ దెబ్బకి పెన్నుల వ్యాపారం పడకేసింది. కానీ ఆ కాగితంలో ఒక షరతు ఉంది. షాపులో వేసిన బల్లల మీద కంపెనీ ఒప్పుకున్న బొమ్మలే ఉండాలి. మేడ మీద గదీ షాపు కిందకే వస్తుంది.

అప్పుడు కంపెనీ ఒక మాట అంది. పాత గుంపుల్లో ఒకదాని దగ్గరికి మా మనిషిని పంపుతాం. పాత సైన్యంతో మీరు, కొత్త సైన్యంతో అతను, ఒక ఆట ఆడండి. మీ పాత బొమ్మలు కొత్త నియమాల్లో నిలబడితే కొత్త పుస్తకంలో వాటికి ఒక పేజీ ఇస్తాం, పోటీలకి రానిస్తాం. ఆ గుంపు మాదే అయ్యింది, షాపాయన మాటసాయం వల్ల.

మెకానిక్ ఆ మాట విన్న దగ్గర్నుంచి మనిషి మారిపోయాడు. కొత్త బోట్ల ఇంజన్లకి కంపెనీల మెకానిక్కులే వస్తున్నారు, వాడి చేతిలో పని సగానికి పడిపోయింది. మధ్యాహ్నాలన్నీ అచ్చుల దగ్గరే కూర్చునేవాడు. ఎన్నడూ ఏదీ అడగనివాడు నాతో అన్నాడు, "ఒక్క పేజీ ఉంటే చాల్రా. ఇవీ ఆట బొమ్మలేనని రాసుంటే చాలు. మనం పోయినా ఎవడో ఒకడు నిలబెట్టుకుంటాడు." తను చేసిన బొమ్మలతో తనే ఆడితే బాగోదని నన్ను ఆడమన్నాడు. ఆటకి ముందు ఆదివారం బస్టాండు దాకా వెళ్ళి దిగబెడితే, బస్సెక్కుతూ వెనక్కి తిరిగాడు.

"ఈసారికి మర్యాదలొద్దురా. కొట్టెయ్."

"కొట్టేస్తాన్లే, ఎక్కు," అన్నాను.

కంపెనీ మనిషి శనివారం దిగాడు. ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళుంటాయి. నేను ఊహించుకున్న నల్లకళ్ళద్దాల శత్రువు కాదు. తెలుగువాడే. వాళ్ళమ్మగారిది పిఠాపురం. ముందు ఆవిణ్ణి ఆ ఊరు తీసుకెళ్ళి కుక్కుటేశ్వరుడి దర్శనం చేయించి, అక్కడ చుట్టాలింట్లో దిగబెట్టి వచ్చాడట. ఆదివారం మధ్యాహ్నం ఆట. ఆటకి ముందు హోటల్లో ఏం తింటాడు పాపం అని భోజనానికి మా ఇంటికి పిలిచాను. అది నా మొదటి తప్పు. కానీ మా వైపు ఎవరైనా అదే చేస్తారు.

మా ఆవిడ పనసపొట్టు కూర, మజ్జిగపులుసు, పెసర గారెలు చేసింది. కుర్రవాడు అడిగి వడ్డించుకుని తిన్నాడు. మా అమ్మ కూడా ఇలాగే చేస్తుందండి అన్నాడు. భోజనాలయ్యాక నా పటాలు చూపించమన్నాడు. ఇరవై రెండేళ్ళ పటాలు పరుపు కింద నుంచి తీసి పరిచాను. తడి చేలో గుర్రం దిగకూడదు, గట్టు మీదే వెళ్ళాలి అని మేం పెట్టుకున్న నియమం చదివి హాయిగా నవ్వాడు. చాలాసేపు చూసి, "కొత్త పుస్తకానికి మీరే గీయాలండి పటాలు. నేను ఆఫీసులో చెప్తాను," అన్నాడు.

నా పటాలని ఇంటికొచ్చినవాళ్ళెవరూ అంతసేపు చూడలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది సంతోషమే, ఇప్పుడు కాదంటే అబద్ధం.

మూడింటికి ఆట మొదలైంది. షాపాయన కుర్చీలు వేయించి, కూల్‌డ్రింకులు తెప్పించాడు. మెకానిక్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. బల్లకి అటువైపు నిగనిగలాడే ప్లాస్టిక్ సైన్యం, ఇటువైపు మా సీసం సైన్యం. కుర్రవాడికి నియమాలు కంఠతా వచ్చు గానీ ఆట రాదు. నాలుగో వంతుకే అతని ఫిరంగులు కుడివైపు ఒంటరిగా మిగిలిపోయాయి. నా ఎడమ చివర, చేలగట్టు వెనక, మెకానిక్ ఆ నెలలోనే పోసి రంగులేసి తెచ్చిన ఎనిమిది గుర్రాలున్నాయి. గట్టు మీదుగా రెండు వంతులు నడిపితే ఫిరంగులు మావి, ఆట మాది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా కనబడే ఎత్తు.

టేపు చేతిలో పట్టుకుని కుర్రవాడి వైపు చూశాను. నుదుటి మీద చెమట తుడుచుకుంటున్నాడు. రెండు గంటల కింద మా ఇంట్లో విస్తరాకు ముందు కూర్చుని గారె చాలండి అన్న మనిషి. నా చెయ్యి గుర్రాల మీదికి వెళ్ళలేదు. మధ్యలో ఉన్న కాల్బలాన్ని కదిపాను. తర్వాతి వంతులోనూ అంతే. గుర్రాలు గట్టు వెనకే ఉండిపోయాయి. ఇంటికొచ్చినవాణ్ణి ఓడించకూడదన్న అలవాటు వల్లే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పటాలు గీసే పని చేజారుతుందన్న భయం అందులో ఎంతుందో నాకు నిజంగా తెలియదు. లేదని మాత్రం చెప్పలేను.

ఆరింటికి కుర్రవాడు గెలిచాడు. ముఖం వెలిగిపోయింది. అందరికీ చేతులు కలిపాడు. షాపాయన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇచ్చి పంపాడు. మెకానిక్ బల్ల దగ్గరికి వచ్చి, ముందుగా ఆ ఎనిమిది గుర్రాలనీ ఒక్కొక్కటే తీసి, పాత గుడ్డలో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పెట్టుకున్నాడు.

"ఆరున్నర బస్సు దొరుకుతుందేమో," అని వెళ్ళిపోయాడు. బస్టాండుకి వెంట వెళ్దామని చెప్పులేసుకునేలోపే మెట్లు దిగేశాడు.

పదిహేను రోజులకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. షాపుకి వెళ్తే షాపాయన తన ఫోనులో చూసి చదివి వినిపించాడు. పాత సైన్యం అనుభవమున్న ఆటగాడి చేతిలో కూడా కొత్త సైన్యం ముందు నిలబడలేదు కాబట్టి దానికి ప్రత్యేకంగా పేజీ అవసరం లేదని తేలిందట. మీ ఆదరణకి కృతజ్ఞతలట. చదివి షాపాయన నా ముఖం చూడకుండా బీరువా తాళాలు వెతుక్కున్నాడు. ఆయనకీ తెలుసు. ఇరవై రెండేళ్ళు ఆడినవాళ్ళకి గుర్రాలు మర్చిపోవడం అంటే ఏంటో తెలియదా?

నేను కుర్రవాడికి ఫోన్ చేశాను. కావాలనే ఓడిపోయానని, అది మా పద్ధతని, మళ్ళీ ఒక ఆట పెట్టమని చెప్పాను.

"అంటే ఆ రోజు నేను గెలవలేదా అండీ?"

ఆ గొంతులో కోపం ఉండుంటే బాగుండేది. వాళ్ళమ్మగారికి కూడా చెప్పుకున్నాడట, పెద్దాయన్ని ఓడించానని. పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయిందని, ఇప్పుడు ఈ సంగతి పైవాళ్ళకి రాస్తే ముందు తన ఉద్యోగం సంగతి చూసుకోవాలని మర్యాదగానే చెప్పాడు. ఒక్క ఆటలో ఇద్దరికి చెడు చేశానని అప్పుడు అర్థమైంది. అయినా పట్టు వదలక కంపెనీ ఆఫీసుకి ఉత్తరం రాశాను. అతని మాట ఎత్తకుండా, తప్పు నాదేనని రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు వచ్చింది. అలాంటి జవాబుకి మనిషి అక్కర్లేదు.

కొత్త పెట్టె విడుదల రోజున షాపు ముందు బ్యానరు కట్టారు. మా ఐదుగురిలో మిగతా ఇద్దరూ కొత్త సైన్యాలు కొనుక్కున్నారు. ఇకమీదట ఆడాలంటే అవే కావాలి కదా అన్నారు, అదీ నిజమే. నేను పుస్తకం తిరగేశాను. మధ్య పేజీల్లో నా పటాలు నాలుగు ఉన్నాయి, ఆట అయిన వారంలోనే కుర్రవాడు అడిగితే పంపినవి. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో నా పేరు ఉంది. సీసం అన్న మాట వెతికాను. పిల్లలకి ప్రమాదం, వాడరాదు అన్న హెచ్చరికలో ఒక్కచోట దొరికింది.

మెకానిక్ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తాడు, పనిలో ఉన్నానన్నాడు. తర్వాత కూడా ఎత్తాడు, తర్వాత కూడా పనిలోనే ఉన్నాడు. వాట్సాప్ గ్రూపులోంచి ఎప్పుడు వెళ్ళిపోయాడో గమనించలేదు. మూడు నెలలు చూసి, ఒక ఆదివారం పొద్దున్నే కాకినాడ బస్సెక్కాను. దారి పొడవునా చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాను. చెంపదెబ్బ కొట్టినా సరే, నెలన్నర మాట్లాడకపోయినా సరే, తిడితే చాలనుకున్నాను. షాపాయన్ని ఒకప్పుడు తిట్టినట్టు తిడితే, ఇంకా నేను లోపలివాణ్ణేనని అర్థం.

హార్బరు దగ్గర వాళ్ళింటి అరుగు మీద వాడు వల అంచుకి గుళ్ళు కడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి, రండి. ఎండలో వచ్చారు. కూర్చోండి."

నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. వాళ్ళావిడ లోపల్నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. ఆ అరుగు మీద ఇన్నేళ్ళూ నేను కిందే కూర్చున్నాను. కుర్చీ పక్కన కొత్త సీసం గుళ్ళు కుప్పగా ఉన్నాయి, ఇంకా మెరుపు పోలేదు. ఎక్కడివని అడిగాను.

"కాల్బలం అండి. మావాళ్ళు వలలకి అడిగారు, కరిగించి ఇచ్చేశాను. ఊరికే పెట్టెలో పడుండి ఏం చేస్తాయి?" అన్నాడు. "పుస్తకం చూశానండి. మీ పటాలు బాగొచ్చాయి."

పేర్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఆట వదిలెయ్యడం తప్పేనని, మాటిచ్చి తప్పానని, పటాల ఆశ కూడా ఉందేమోనని, అన్నీ. వాడు వల అంచు సవరిస్తూ విన్నాడు. "ఫర్లేదండి, అయిపోయిందిగా," అన్నాడు. కోపం లేదు. నేను వెతికాను, నిజంగానే లేదు.

భోజనం పెట్టారు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, మిగిలినవాటితో ఒక ఆట ఆడదామా అన్నాను. వాడు సరేనన్నాడు. అరుగు మీద గుడ్డ పరిచి, ఇటుకముక్కలతో గట్టు పెట్టాడు. కరిగించగా మిగిలిన ఏనుగులు, ఫిరంగులు, కొద్దిమంది విలుకాళ్ళు. ఆ ఎనిమిది గుర్రాలూ ఉన్నాయి. వాటిని తన ఎడమ చివర, ఇటుక గట్టు వెనక నిలబెట్టుకున్నాడు.

ఇరవై రెండేళ్ళలో నేను వాణ్ణి గెలిచిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయిదో వంతుకి నా ఫిరంగులు ఒంటరిగా మిగిలాయి. నేనే కావాలని అలా వదిలాను. కొట్టెయ్‌రా అని మనసులో అనుకున్నాను. వాడు టేపు తీసి కొలిచాడు. గుర్రాల వైపు ఒకసారి చూశాడు. చెయ్యి వాటి మీదుగా దాటించి, మధ్యలో ఉన్న ఏనుగుని ఒక అడుగు ముందుకి జరిపాడు. తర్వాతి వంతులోనూ ఏనుగునే జరిపాడు. మూడింటికల్లా నేను గెలిచాను.

"గుర్రాలు కదపలేదేంరా?" అన్నాను.

వాడు బొమ్మలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుంటున్నాడు. తల ఎత్తి చిన్నగా నవ్వాడు. మా గదికి మొదటిసారి వచ్చినవాళ్ళకి ఇచ్చే నవ్వు అది, నాకు బాగా తెలుసు.

"ఇంటికొచ్చినోళ్ళని ఓడించి పంపకూడదు కదండీ," అన్నాడు.

వాళ్ళావిడ కాజాల పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. వాడు వీధి చివరిదాకా వచ్చి, ఆటో ఆపి, బస్టాండుకని చెప్పి, జాగ్రత్తగా వెళ్ళండి అన్నాడు.